సవారమ్మత్త ఒక్కతే కూర్చున్న సాయంత్రాలు

మా మేనత్త సవారమ్మ ఈ వానాకాలం మొదట్లో, గద్వాల చుట్టూ చేలల్లో పత్తి విత్తనం పెట్టే రోజుల్లో, మమ్మల్ని విడిచి వెళ్లిపోయింది. ఆ కబురు అందేసరికి నేను వనపర్తిలో బి.ఎడ్. తరగతిలో కూర్చుని ఉన్నాను. బల్ల మీద ఫోను రెండుసార్లు వణికి ఆగింది. మూడోసారికి బయటికి వచ్చి ఎత్తాను. "అత్త పోయిందే. ఉన్నదానివి ఉన్నట్టు రా" అంది అమ్మ. నేను "సరే" అన్నాను. ఆమె జబ్బు ముదిరిందని మా అందరికీ తెలుసు. ఇక ఎన్నాళ్లో ఉండదనీ తెలుసు. అయినా ఆ మాట విన్నాక కాసేపు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. ఆత్మకూరులో బస్సు మారాను. కృష్ణ మీద ఆనకట్ట దాటుతుంటే నీళ్లు కనిపించాయి, అప్పుడు ఏడుపు వచ్చింది. పక్క సీటులోని ముసలమ్మ ఏమైందని అడగలేదు. తన నీళ్ల సీసా మూత తీసి నా చేతికిచ్చింది.

అత్త గుంపులో పనిచేసిన ఆడవాళ్లు నన్ను ఈ నాలుగు మాటలు రాయమన్నారు. "నువ్వు సదువుకున్నదానివి, ఎప్పుడు సూసినా రాస్తనే ఉంటవు. ఆమె గురించి గూడ రాయి" అన్నారు. నేను రాయడానికి ఇంకో కారణం ఉంది. చివరి ఏడాది ఊళ్లో అత్త గురించి ఒక మాట పుట్టింది. సవారమ్మ ఒక్కతే కూర్చుని తాగుతుందట అని. మనిషి పోయాక కూడా ఆ మాట మిగిలిపోతుందేమోనని నా భయం. ఆ మాట ఊరంతా పాకడానికి కారణం నేనే. అందుకని దాన్ని సరిచేయవలసింది కూడా నేనే.

ఆమెను ఎరగనివారి కోసం కొంచెం చెబుతాను. మా వైపు పత్తిని దూది కంటే విత్తనం కోసమే ఎక్కువగా పండిస్తారు. అది చేతివేళ్లతో జరిగే పని. మరునాడు విచ్చుకోబోయే మొగ్గను సాయంత్రమే ఒలిచి, లోపలి పుప్పొడి భాగాన్ని తీసేసి, గుర్తుగా ఎర్రకాగితం ముక్క తగిలిస్తారు. పొద్దున్నే మగ చెట్ల పువ్వులు కోసుకొచ్చి ఆ మొగ్గకు అద్దుతారు. దీన్ని మా దగ్గర క్రాసింగ్ అంటారు. ఒలవకుండా వదిలేసిన మొగ్గ తనంతట తానే కాయ కడితే విత్తనం కల్తీ అయిపోతుంది. ఒక్క మొగ్గ తప్పినా చేనంతటికీ ముప్పే. ఆ పని చేసే ఇరవైమంది ఆడవాళ్ల గుంపుకు మా అత్త మేస్త్రీ. పొట్టి మనిషి, పెద్ద గొంతు. పత్తిపువ్వు పసుపు ఏడాదిలో సగం రోజులు ఆమె గోళ్లలోనే ఉండేది. రాయచూరు వైపు కాపురం చేసి, భర్త పోయాక చిన్న కొడుకు వీరేశ్‌ను చంకనేసుకుని పుట్టింటి ఊరికి వచ్చింది. అక్కడి మాటలు కొన్ని ఆమెతోపాటే వచ్చాయి. అన్నం వడ్డించేటప్పుడు "చాలు" అనే చోట "సాకు" అనేది.

పనిలో ఆమె నియమం ఒకటుండేది. "మొగ్గ ఒలిచేకాడ కోపం పనికిరాదు. ఇంట్ల కొట్లాడొచ్చినవా, పో, గట్టు మీద కూసో. దిగినంక సాలుల్లకు రా" అనేది. ఒకసారి ఒక కొత్త కోడలు కళ్లు తుడుచుకుంటూనే మొగ్గలు ఒలుస్తుంటే, అత్త ఆమె చేతిలోని ఎర్రకాగితాలు తీసుకుని, ఆమె సాలు కూడా తనే చేసింది. రెండు సాళ్లు ఒక్కతే చేసి, సాయంత్రం ఆ పిల్లను పక్కన కూర్చోబెట్టుకుంది. ఏం జరిగిందని అడగలేదు. ఇంటి నుంచి తెచ్చిన రొట్టెలో సగం విరిచి పెట్టింది. ఆ పిల్ల తింటూ తింటూ తనే చెప్పింది.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా దసరా సెలవుల్లో ఆ గుంపులో పనికి పోయాను. ఇరవైమందిలో మాట్లాడటమంటే నాకు జ్వరం వచ్చినట్టుండేది. అత్త అది కనిపెట్టి నన్ను ఎప్పుడూ తన పక్క సాలులోనే పెట్టుకునేది. ఎవరైనా నన్ను పలకరిస్తే నా తరఫున తనే జవాబు చెప్పేది. "మా కోడలు పిల్లకు నోట్ల మాటలు లేవు, అన్ని బుక్కుల పెట్టుకుంటది" అని నవ్వించేది. నేను డైరీ రాస్తానని ఇంట్లో తెలిసిన మొదటి మనిషి ఆమె.

"ఏందే కోడలా, ఏం రాస్తవు అండ్ల?"

"ఏం లేదత్తా. ఇయ్యాల ఏమైందో గది."

"నా గురించి గూడ రాస్తవా?"

"రాస్త."

"మంచిగ రాయి మరి. నాకు సదువ రాదని కుప్పలు తెప్పలు కలిపి రాసేవు."

కల్లు మా దగ్గర ఆడవాళ్లకు తప్పు కాదు. సంత రోజు పని తొందరగా ముగించి, గుంపంతా కల్లు దుకాణం ముందు చింతనీడలో కూర్చునేవాళ్లు. సీసా మూత తీయగానే అత్త రెండు చుక్కలు నేల మీద పోసేది. మేం దాన్ని సాక పోయడం అంటాం. "తల్లీ ఎల్లమ్మా, సల్లగ సూడు" అన్నాకే ఎవరైనా నోట పెట్టాలి. నిజానికి ఆమెకు కల్లు కంటే పక్కన పెట్టుకునే గుడాల మీదే మనసు. ఉడికించి తాలింపు వేసిన శనగలు, అవీ గట్టిగా ఉండాలి. జొన్నరొట్టె కూడా అంతే, కటకట విరిగేదాకా కాలితేనే తినేది. మెత్తగా ఉంటే "గిది ముసలోళ్లకు పెట్టుండ్రి" అని పక్కకు తోసేది. ఆమెతో ముప్పయ్యేళ్లు పనిచేసిన ఉసేనమ్మ ఎగతాళి చేసేది.

"సవారీ, నీకు కల్లు ఎక్కదే, గుడాలు ఎక్కుతయి."

"ఊకో. కల్లు పేరు చెప్పి గుడాలు తినవస్త. మా తమ్మునికి చెప్పకు, పరువు పోతది."

ఆ తమ్ముడు మా నాన్న.

పోయిన ఏడాది డిగ్రీ ముగిశాక నేను కొన్ని నెలలు ఇంట్లో ఉన్నాను. అత్త ఇల్లు, మా ఇల్లు ఒకే వాకిట్లో ఎదురెదురుగా ఉంటాయి. పొయ్యిలు వేరైనా పొద్దుగూకే వేళ భోజనం అందరం మా వసారాలోనే చేసేవాళ్లం. నా గది కిటికీ పెరటి వైపుకు ఉంది. అక్కడ గడ్డివాము, దాని వెనక ఒక బండ. క్రాసింగ్ మొదలైన కొన్నాళ్లకు అత్త ఆ బండ మీద కనిపించసాగింది. చేను నుంచి రాగానే కొంగు చాటున సీసా పెట్టుకుని వెళ్లి ఒక్కతే కూర్చునేది. ఒక్కతే ఉన్నా సాక పోయడం మానలేదు. సంత రోజు గుంపుతో కూర్చోవడం మానేసింది. "నడుములు గుంజుతున్నయి, మీరు పోండ్రి" అని ఇంటికి వచ్చేసేది.

నేను కిటికీ దగ్గర పుస్తకం పట్టుకుని ఆమెనే చూసేదాన్ని. ఆ రోజుల్లో నా డైరీలో ఇలా రాసుకున్నాను: "అత్త ఈ రోజూ గడ్డివాము వెనక ఒక్కతే. ఒక గుక్క తాగుతుంది. కళ్లు మూసుకుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుంటుంది. చాలాసేపు అలాగే ఉండిపోతుంది. ఆ మైకంలో ఆమెకు మేమెవ్వరం గుర్తుండం కాబోలు." అది రాసి, బాగా రాశానని కూడా అనుకున్నాను. ఈ మాట ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. ఉసేనమ్మ ఒకరోజు అమ్మతో అంది, "మాతోని కూసోని తాగితే ఎవ్వరేమంటరు వదినా? ముప్పయ్యేండ్ల సంది తాగుతున్నం. మమ్ముల ఇడిసిపెట్టి దొంగతనంగ తాగుడేంది? నాకైతే మనసు సరిగ లేదు." అమ్మ నాన్నతో చెప్పింది. నాన్న, "ఒక్కతే తాగుతుందంటే ఏదో దిగులున్నట్టే. లేదంటే అలవాటు ముదిరినట్టు" అన్నాడు. దిగులా, అలవాటా అని ఆ ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. పెరట్లోకి వెళ్లి ఆమెను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు కిటికీ చాలనిపించింది.

ఎవరితోనూ మాట్లాడని నేను, ఒకరోజు వీరేశ్ బావతో మాట్లాడాను. బావ గద్వాలలో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు, రోజూ బండి మీద వెళ్లి వస్తాడు. వాకిట్లో బండి ఆపుతుంటే దగ్గరికి వెళ్లి, "బావా, అత్త రోజూ ఒక్కతే కూసోని తాగుతుంది" అన్నాను.

"ఎన్నొద్దుల సంది?"

"నెల దాటింది."

"ఇన్నొద్దులు ఊకెనే సూసుకుంట ఉన్నవా?"

అతను బండి తాళం కూడా తీయకుండా పెరట్లోకి నడిచాడు. నేను గోడకు ఆనుకుని విన్నాను.

"ఏందమ్మా ఇది? నలుగురితోని తాగినప్పుడు నేనేమన్న అన్ననా?"

"గట్ల బుద్ధయింది, కూసున్న."

"ఒక్కదానికే తాగబుద్ధయితదా? మనసుల ఏమన్న ఉంటే చెప్పు. మాటలనుకున్నరా ఎవరన్న?"

"మనసుల ఏం లేదురా. జర గొంతుల పట్టినట్టు ఉంటుంది, గంతే."

"రోజు తాగితే పట్టదా మరి?"

ఆమె సీసాకు మూత పెట్టి లేచింది. గొంతులో పట్టినట్టుందని ఆమె చెప్పిన ఆ ఒక్క మాటను ఆ రోజు మేమిద్దరం విన్నాం. బావ దాన్ని తాగుడు కింద కట్టేశాడు. నేనూ అంతే. మరునాడు బావ కల్లు దుకాణానికి వెళ్లి, అత్తకు సీసా ఇవ్వొద్దని చెప్పి వచ్చాడు. దాంతో ఆ సంగతి ఊరంతా పాకింది. తల్లి మీద ప్రేమతోనే ఆ పని చేశాడు. ఈ సంగతి నేను ఎవరి ముందైనా చెబుతాను.

తర్వాత కొన్ని వారాలు గడ్డివాము వెనక బండ ఖాళీగా ఉంది. ఆ వారాల్లోనే అత్త సగమైంది. జాకెట్టు భుజాల మీద నుంచి జారిపోయేది. మేమందరం, తాగుడు మానింది కదా, ఒళ్లు కొంచెం తగ్గి మళ్లీ కుదురుకుంటుంది అనుకున్నాం. అమ్మ సంతోషపడి ఒక ఆదివారం కోడికూర వండింది. అత్త తన గిన్నెలోని ముక్కలు ఏరి నా పళ్లెంలో వేసి, "తిను కోడలా, సదివేటిదానివి" అని లేచిపోయింది. నేను తిన్నాను.

చేనులో అప్పుడే ఒక అవమానం జరిగింది. పొద్దున చేను ఆసామి తిరుగుతూ అత్త సాలులో ఒలవని మొగ్గలు నాలుగు పూర్తిగా విచ్చుకుని ఉండటం చూశాడు. ముప్పయ్యేళ్లలో అలాంటిది జరగలేదు. పూర్వం అందరికంటే ముందే వచ్చి ఇతరుల సాళ్లలో తప్పిన పువ్వులు తెంపేసేది ఆమే. "ఏం సవారమ్మా, పొద్దుగాలనే ఏసినవా?" అన్నాడు ఆసామి, అందరూ వింటుండగా. ఆమె ఆ నాలుగు పువ్వులూ తెంపి కొంగులో వేసుకుంది. తర్వాత ఎర్రకాగితాల సంచి తన భుజం మీద నుంచి తీసి ఉసేనమ్మ భుజానికి తగిలించింది. "ఇగ నువ్వు సూసుకో. నా కండ్లు తిరుగుతున్నయి" అంది. ఆ సంచి తీసుకున్నందుకు ఉసేనమ్మ ఈ రోజుకీ ఏడుస్తుంది. అప్పుడు మాత్రం గుంపులో చాలామంది, ఆమె కళ్లు తిరగడానికి కారణం తమకు తెలుసనుకున్నారు.

నేను వనపర్తిలో కాలేజీలో చేరి, చలికాలం చివర సెలవుకు ఇంటికి వచ్చేసరికి అత్తకు అంబలి కూడా దిగడం లేదు. బావ, అమ్మ, నేను ఆమెను మహబూబ్‌నగర్‌లో ఒక పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరు ఏం బాధ అని అడగగానే బావ మొదలుపెట్టాడు. "సార్, మాయమ్మ ఒక్కతే కూసోని తాగుడు అలవాటు చేసుకుంది. మాన్పించినం. గప్పటిసంది గిట్ల అయిపోయింది." డాక్టరు అంతా విన్నాడు. తర్వాత కుర్చీ అత్త వైపు తిప్పుకుని అడిగాడు.

"అమ్మా, రొట్టె ఎప్పటిసంది మింగుడు పడ్తలేదు?"

ఇన్ని నెలలుగా మాలో ఒక్కరమూ అడగని ప్రశ్న అది. అత్త బావ వంక ఒకసారి చూసి, తల దించుకుని చెప్పింది.

"పోయిన వానకాలం సంది సారు. ముందుగాల రొట్టె ఆగింది. తర్వాత బువ్వ ఆగింది. కల్లు ఒక్కటే దిగుతుండె."

"మరి ఇంట్ల ఎందుకు చెప్పలే?"

"ఒక బుక్క తింటే దగ్గొచ్చి అంత బయటికొస్తుండె. తినేటోళ్ల ముందల గట్ల చేస్తే వాళ్లకు బువ్వ పోతదా? అందుకె పక్కకు పోయి కూసుంటుంటి. కల్లు గూడ మెల్లగ, ఆగి ఆగి తాగాలె. నలుగుర్ల గట్ల తాగితే అడుగుతరు."

కళ్లు మూసుకుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకోవడం మైకం కాదు. మింగిన గుక్క కిందికి దిగేదాకా ఆమె ఓర్చుకుంటోంది. ఆ సీసా ఆమెకు మిగిలిన ఆఖరి ఆహారం. దాన్ని కూడా మేము ఆపేశాం.

జబ్బు అన్నం దిగే గొట్టంలో ఉందని, చాలా ఆలస్యమైందని పరీక్షల్లో తేలింది. బావ ఒకటే అడిగాడు, తాగడం వల్లనే వచ్చిందా అని. డాక్టరు తొందరపడకుండా చెప్పాడు. ఏళ్ల తరబడి నమిలిన పొగాకుకు, తాగుడుకు ఇలాంటి జబ్బులో పాలు ఉండవచ్చు, లేదని నేను చెప్పలేను అన్నాడు. అత్తను మంచిగా చూపించడం కోసం ఆ మాటను నేను దాచిపెట్టను. "కానీ ఆమె ఒక్కతే కూర్చోవడానికి కారణం వేరు" అని కూడా ఆయనే అన్నాడు.

ఇంటికి వచ్చి డైరీ తీశాను. గడ్డివాము, సీసా, ఒంటరితనం గురించి పేజీలకు పేజీలు ఉన్నాయి. వాటి మధ్యలో, నేను పట్టించుకోకుండా రాసిపడేసిన చిన్న చిన్న వాక్యాలు కనిపించాయి. "అత్త రొట్టెను పప్పుచారులో నానబెట్టుకుంది." "మొదటి ముద్దకే సాకు అంది." "సంత నుంచి తెచ్చిన గుడాలు నాకే ఇచ్చేసింది." "ఈ రోజు అందరూ తిన్నాక తింటానంది." మెత్తని రొట్టె ముసలోళ్లకు పెట్టమన్న మనిషి రొట్టె నానబెట్టుకుంటుంటే, నేను చూశాను, తేదీ వేసి రాశాను. నాకు అర్థం కాలేదు. బావతో ఆ రోజు "అత్త రొట్టె తింటలేదు" అని అని ఉంటే అవి మూడే మాటలు. కొన్ని నెలలు ముందు తెలిసేది. ఆ నెలలు ఆమెను నిలబెట్టేవో లేదో నేను చెప్పలేను. ఆకలితో మాత్రం ఉండేది కాదు.

చివరి నెలల్లో ప్రతి శనివారం వనపర్తి నుంచి ఇంటికి వచ్చేదాన్ని. ముక్కులో గొట్టం పెట్టారు, దాంట్లోంచి పాలు, జావ పోసేవాళ్లం. ఆమెకు ఇంట్లో ఊపిరాడేది కాదు. మెల్లగా నడిపించుకుని వెళ్లి గడ్డివాము వెనక బండ మీద కూర్చోబెట్టి, నేను పక్కన కూర్చునేదాన్ని. ఒకరోజు చెప్పాను.

"అత్తా, బావకు చెప్పింది నేనే."

"తెల్సు."

"కోపం రాలేదా?"

"ఏం కోపం. నీ నోట్లకెల్లి ఒక మాట రానికె ఇరవై ఏండ్లు పట్టింది. అది గూడ నా గురించే వచ్చె." నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగాక నా చేతి మీద చెయ్యి వేసి అంది, "కానీ వానికి చెప్పేముందల నా కాడికి వచ్చి జరసేపు కూసుంటే అయిపోతుండె గద."

ఇంకా చెప్పింది. మామ పోయిన కొత్తలో కూడా కొన్నాళ్లు ఇలాగే ఒక్కతే కూర్చుని తాగిందట. అది నిజంగా దిగులు తాగుడేనట. "గప్పుడు ఉసేనమ్మ వచ్చి పక్కన కూసుంది. ఎందుకు తాగుతున్నవు అనలే, మానెయ్ అనలే. రోజు వచ్చి కూసుంది. ఇగ దాని ముందల ఎంతని తాగుత? సిగ్గయింది, ఇడిసిపెట్టిన." ఒంటరిగా తాగడం ఏదైనా బాధకు గుర్తా అని నన్ను ఎవరైనా అడిగితే, మా అత్త విషయంలో రెండుసార్లూ గుర్తే అని చెబుతాను. ఒకసారి మనసులో బాధ, ఒకసారి గొంతులో. అది ఏ బాధో పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది. మేమేమో దూరం నుంచి చూసి, చూసినదానికి పేరు పెట్టేశాం.

మూడొద్దుల నాడు, అంటే పోయిన మూడో రోజున, సమాధి దగ్గర పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఎదురుచూడటం మా ఆచారం. కాకి రాకపోతే వాళ్ల మనసులో ఏదో మిగిలిపోయిందని అంటారు. అక్కడే గొడవ వచ్చింది. ఉసేనమ్మ తెచ్చిన కల్లు సీసాను చూసి బావ వద్దన్నాడు.

"సచ్చినంక గూడ తాగుబోతు అనిపించాల్నా మాయమ్మను? పెట్టొద్దు."

"మీయమ్మ సాక పొయ్యనిది ఏనాడన్న నోట పెట్టిందారా? గసుంటి మనిషికి రెండు సుక్కలు పొయ్యొద్దంటవు?"

"ఊరంత సూస్తుంది పెద్దమ్మా."

"సూడనీ. ఊరు అప్పుడు గూడ సూసింది. ఏం తెల్సింది?"

బావ సీసాను విస్తరి దగ్గరికి రానివ్వలేదు. సీసా పక్కన పెట్టేశారు. విస్తరిలో పాలన్నం, జావ, మెత్తగా ఉడికిన పప్పు ఉన్నాయి. చాలాసేపు కాకి రాలేదు. బావ చేతులు జోడించి, ఇల్లు జాగ్రత్తగా చూసుకుంటానన్నాడు. నాన్న ఏదో గొణిగాడు. వేపచెట్టు మీద కాకులు ఉన్నాయి కానీ దిగలేదు. నేను విస్తరి వంక చూస్తూ నిలబడ్డాను. అందులో ఉన్నదంతా రోగి తిండి. ఆమెకు ఇష్టం లేకున్నా మేం పెట్టిన తిండి.

నేను ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్లాను. పొయ్యి వెలిగించి, ఒక జొన్నరొట్టెను కటకట విరిగేదాకా కాల్చాను. వస్తూ దారిలో కల్లు దుకాణం దగ్గర గుడాలు కట్టించుకున్నాను. తిరిగి వచ్చేసరికి అందరూ ఇంకా అలాగే ఉన్నారు. విస్తరిలో రొట్టె పెట్టాను, గుడాలు పెట్టాను. అంతమంది ముందు నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అత్తా, నువ్వు తింటలేవని నేను సూసిన. తెల్సుకోలే."

బావ ఆ రొట్టె వైపు చూశాడు. తర్వాత వంగి, పక్కన పెట్టిన సీసా తీసి, మూత విప్పి, తల్లి పోసినట్టే నేల మీద రెండు చుక్కలు పోశాడు. "తల్లీ ఎల్లమ్మా" అని, తర్వాతి మాట అనలేక ఆగిపోయాడు. ఉసేనమ్మ ఆ మాట పూర్తిచేసింది.

నేను శకునాలు నమ్మే మనిషిని కాను. ఆకలేసిన కాకి ఎప్పుడో ఒకప్పుడు దిగుతుంది. కానీ దిగిన కాకి పాలన్నం ముట్టలేదు. రొట్టె ముక్క ఒకటి ముక్కున కరుచుకుని వేపచెట్టు మీదికి లేచిపోయింది. ఆడవాళ్లందరూ ఒక్కసారి ఏడ్చారు. ఉసేనమ్మ మాత్రం కొంగుతో ముఖం తుడుచుకుని ఆ చెట్టు వైపు చూస్తూ అంది, "ఇగ మింగుడు పడ్తది, పో."

సవారమ్మత్త వంటి మేస్త్రీ మా చేలకు మళ్లీ దొరకదు. తప్పిన మొగ్గను దూరం నుంచే కనిపెట్టే కన్ను ఆమెది. ఏడుస్తున్న కొత్త కోడలి సాలు అందుకున్న చేతులు ఆమెవి. నోట మాట లేని పిల్ల తరఫున జవాబు చెప్పిన గొంతు ఆమెది. ఆ గొంతులోనే జబ్బు చేరడం విధి చేసిన అన్యాయం. అది మాకు కనిపించకపోవడం మా లోపం. వచ్చే శ్రావణంలో గుంపు మళ్లీ చేలోకి దిగుతుంది. నేను పోయినా నా పక్క సాలులో ఆమె ఉండదు. ఆమెకు ఇచ్చుకోవడానికి నా దగ్గర ఈ నాలుగు పేజీలే ఉన్నాయి. కుప్పలు తెప్పలు కలపకుండా, జరిగింది జరిగినట్టే రాశాను అత్తా.

పోయిన ఆదివారం పొద్దుగూకే వేళ, ఒక రొట్టె పట్టుకుని గడ్డివాము వెనకకు వెళ్లి ఆ బండ మీద కూర్చున్నాను. తినబుద్ధి కాలేదు. ఊరికే చేతిలో పట్టుకుని ఉన్నాను. వాకిట్లో బండి ఆగిన చప్పుడు వినిపించింది. వీరేశ్ బావ పెరటి వైపు వచ్చి, నన్ను చూసి ఆగాడు. ఎందుకు ఒక్కదానివే కూర్చున్నావని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. వచ్చి బండకు అవతలి కొసన కూర్చున్నాడు. కాసేపటికి నేను రొట్టె విరిచి సగం అతనికిచ్చాను.